రహదారి దిగాక ఏ కారు? గోదావరి డెల్టాలో లగ్జరీ సెడాన్ కొనేవారికి

సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన దాటి రావులపాలెం చేరేదాకా ఏ లగ్జరీ కారైనా బాగానే ఉంటుంది. నాలుగు వరుసల రోడ్డు, రెండు పక్కలా కొబ్బరి తోటలు, వంద వేగంలో కూడా గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగే నిశ్శబ్దం. అక్కడ నడిపి చూసి ఏది కొనాలో తేల్చుకోవడం నాకు సాధ్యం కాలేదు. తేడా తెలిసింది రహదారి వదిలి, కొత్తపేట దాటి, మా ఊరి కాలువ గట్టు ఎక్కాకే. ఇంటికి మిగిలిన ఆరు కిలోమీటర్లు, షోరూములో ఎవరూ చెప్పని సంగతులన్నీ చెప్పేశాయి.

మాది కొబ్బరి, వరి పండించే ఇల్లు. నాన్నకు డెబ్బై దాటాయి, మోకాళ్లు సహకరించవు. నెలకు రెండుసార్లు విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ ప్రయాణం ఆయనకు సుఖంగా ఉండాలనే ఈ వెతుకులాట మొదలైంది. ఏడాదిన్నరగా బంధువుల కార్లూ, స్నేహితుల కార్లూ, షోరూమువాళ్లు ఇచ్చిన కార్లూ నడిపాను. చివరికి నాలుగు మిగిలాయి: మెర్సిడెస్-బెంజ్ ఇ-క్లాస్, బీఎండబ్ల్యూ 5 సిరీస్, ఆడి ఏ6, టయోటా క్యామ్రీ. క్యామ్రీని ఈ వరుసలో పెట్టడం కొందరికి నచ్చకపోవచ్చు. ఎందుకు పెట్టానో కింద చెబుతాను.

## కారు కంటే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, మీరు కూర్చునేది ఏ సీట్లో? డ్రైవరును పెట్టుకుని వెనక కూర్చునేవారికీ, స్టీరింగ్ తామే పట్టుకునేవారికీ ఒకే కారు నచ్చదు. ఇంట్లో అందరూ కలిసి ఈ ఒక్క మాట తేల్చుకుంటే సగం పని అయిపోతుంది.

రెండోది, మీ దారిలో తూములు ఎలా ఉన్నాయి? మన పిల్ల కాలువల మీది వంతెనలు చాలావరకు మూపురంలా ఉంటాయి. ఎక్కడం నిటారు, దిగడం నిటారు, మధ్యలో సిమెంటు దిమ్మ. ఒకసారి అరువు తెచ్చుకున్న పెద్ద కారులో నాన్న, అమ్మ, మేనత్త వెనక కూర్చున్నారు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు ఉన్నాయి. ముందు చక్రాలు తూము దిగాయి, వెనకవి ఇంకా పైకి రాలేదు. కింద నుంచి గరగరమని చప్పుడు. బ్రేకు వేసి దిగి చూస్తే సిమెంటు అంచు మీద జానెడు నల్లటి గీత, పక్కనే కారు అడుగు కవచం నుంచి ఊడిన రెండు వేళ్లంత ప్లాస్టిక్ ముక్క. అందరినీ దింపేస్తే కారు కాస్త పైకి లేచింది, అప్పుడు నెమ్మదిగా దాటించాను. నాన్న మోకాళ్లు పట్టుకుని ఆ మూపురం నడిచి దిగారు. ఆయన కోసం కొనే కారులోంచి ఆయన్నే దించాల్సి రావడం ఆ రోజంతా నన్ను బాధించింది.

ఇందులో మర్మం ఏమీ లేదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు. అది పెరిగేకొద్దీ వెనక సీటు విశాలమవుతుంది, దాంతో పాటు మూపురం మీద కారు కడుపు ఆనే ప్రమాదమూ పెరుగుతుంది. వెనక కాళ్లు చాపుకోవడానికి వచ్చే ప్రతి అంగుళానికీ తూము దగ్గర లెక్క చెప్పాల్సిందే. అందుకే షోరూములో గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ కారు కడుపుకూ మధ్య ఎత్తు, అంకె అడిగి ఊరుకోకండి. నలుగురు కూర్చున్నాక ఎంత మిగులుతుందో చూడాలి.

మూడోది వెడల్పు. గ్రామీణ రోడ్లలో ఒక వరుస తారు రోడ్డుకు మామూలు కొలత 3.75 మీటర్లు, చాలాచోట్ల 3 మీటర్లే. ఈ తరగతి కారు పక్క అద్దాలతో కలిపితే రెండు మీటర్లు దాటుతుంది. అలాంటివి రెండు ఎదురుపడితే ఒకటి తారు దిగి మట్టిలోకి వెళ్లక తప్పదు. ఒక పక్క కాలువ, మరో పక్క రొయ్యల చెరువు ఉన్న గట్టు మీద, వానాకాలంలో, ఆ మట్టి ఎంత బలంగా ఉంటుందో మనకు తెలుసు. కోతల రోజుల్లో రోడ్డులో సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది కూడా.

నాలుగోది సర్వీసు. జర్మన్ కార్లకు మనం విజయవాడ వైపో, విశాఖ వైపో చూడాలి. కారు ఆగిపోతే లారీ మీద ఎక్కించి ఎంత దూరం తీసుకెళ్లాలి, ఎన్ని రోజులు కారు లేకుండా ఉండాలి అన్నది కొనకముందే అడిగి తెలుసుకోండి.

## అంకెలు ఒకచోట

| | ఇ-క్లాస్ | 5 సిరీస్ | ఏ6 | క్యామ్రీ |
|---|---|---|---|---|
| మన దేశంలోకి ఈ తరం రాక | 2024 అక్టోబర్ | 2024 జులై | 2019 అక్టోబర్ | 2024 డిసెంబర్ |
| పొడవు (మి.మీ.) | 5092 | 5175 | 4939 | 4920 |
| వీల్‌బేస్ (మి.మీ.) | 3094 | 3105 | 2924 | 2825 |
| ఇంజన్ | 2.0 లీటర్ల పెట్రోల్, 2.0 లీటర్ల డీజిల్, 3.0 లీటర్ల పెట్రోల్ | 2.0 లీటర్ల పెట్రోల్ | 2.0 లీటర్ల పెట్రోల్ | 2.5 లీటర్ల పెట్రోల్ హైబ్రిడ్ |
| శక్తి (సుమారు, హెచ్‌పీ) | డీజిల్ 197 | 258 | వచ్చినప్పుడు 245 | మొత్తం 230 |
| నడిపే చక్రాలు | వెనకవి (3.0 లీటర్లకు నాలుగూ) | వెనకవి | ముందువి | ముందువి |
| వచ్చినప్పటి షోరూము ధర | 78.5 లక్షల నుంచి | 72.9 లక్షలు | 54.2 లక్షల నుంచి | 48 లక్షలు |

ధరలను పోలిక కోసమే చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్సు తీసేసి జీఎస్టీని 40 శాతం చేశారు, కంపెనీలు కూడా మధ్యలో ధరలు మారుస్తూ వచ్చాయి. జీవితకాల పన్ను, బీమా కలిపి రోడ్డెక్కే ధర ఎంతో కాగితం మీద రాయించుకున్నాకే మాట్లాడండి.

## ఇ-క్లాస్: వెనక సీటు కోసం పుట్టిన కారు

కుడివైపు స్టీరింగ్‌తో, ఇంత పొడవు వీల్‌బేస్‌తో ఇ-క్లాస్ తయారయ్యేది మన దేశం కోసమే. పుణె దగ్గర చాకన్‌లో బిగిస్తారు. 2017లో మొదటిసారి ఈ పొడవు కారు వచ్చినప్పుడే మన పెద్దల అలవాట్లు ఎరిగి చేసినట్టు అనిపించింది. ఇప్పటి కారులో వెనక సీటు 36 డిగ్రీల దాకా వాలుతుంది, తొడల కింద ఆసరా ముందుకు జరుగుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ రెండోది చాలా ముఖ్యం. తొడ గాలిలో వేలాడితే బరువంతా మోకాలి మీద పడుతుంది. నాన్న విజయవాడ నుంచి వచ్చి దిగినప్పుడు ఎప్పుడూ తలుపు పట్టుకుని ఒక నిమిషం నిలబడేవారు. ఈ కారు దిగిన రోజు నేరుగా అరుగు దాకా నడిచి వెళ్లారు.

నేను నడిపింది ఇ 220డి, డీజిల్. 440 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం) ఇంజన్ నిమిషానికి 1800 చుట్లు తిరిగేటప్పుడే అందుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట మీద లారీల వెనక నెమ్మదిగా వెళ్లి, దారి దొరకగానే పాదం కాస్త ఆనిస్తే చాలు, ఇంజన్ గొంతు పెంచకుండా బండి ముందుకు సాగుతుంది. తొమ్మిది గేర్లలో ఏది ఎప్పుడు మారిందో తెలియదు. స్టీరింగ్ తేలిక. గతుకుల మీద పడవలా ఒకసారి లేచి సర్దుకుంటుంది. వెనక కూర్చున్నవారికి అది హాయి, నడిపేవారికి మాత్రం రోడ్డు ఎక్కడో దూరాన ఉన్నట్టు అనిపిస్తుంది. మలుపుల్లో ఆనందం వెతుక్కునేవారికి ఇది చాలదు.

డీజిల్ కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది వేడెక్కితేనే మసి కాలిపోతుంది. రోజూ ఊళ్లో రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే అది పూడుకుపోతుంది. వారానికోసారి అరగంట పాటు రహదారి మీద ఒకే వేగంతో నడిపితే ఆ బాధ రాదు. మాకు విజయవాడ ప్రయాణాలు ఉన్నాయి కాబట్టి సరిపోతుంది. భీమవరంలో ఇల్లు, ఉండిలో చెరువులు, ఆ మధ్యే తిరుగుడు అనుకునేవారు పెట్రోల్ ఇ 200 చూడటం మేలు. డీజిల్‌కు పొగను శుభ్రపరిచే యాడ్‌బ్లూ ద్రవం కూడా పోయిస్తూ ఉండాలి. అది అయిపోతే, ఒకసారి ఆపాక ఇంజన్ మళ్లీ మొదలు కాదు.

దీని లోటు తూము దగ్గరే. 3094 మి.మీ. వీల్‌బేస్‌తో మూపురాలు ఎక్కేటప్పుడు నేరుగా కాకుండా కాస్త ఏటవాలుగా ఎక్కించాలి. అలా చేస్తే నాలుగు చక్రాలూ ఒక్కొక్కటిగా ఎక్కి దిగుతాయి, కడుపుకు ఆ కాస్త ఎత్తు దొరుకుతుంది. మా ఊరి మూడు తూముల్లో రెండు ఇలా దాటగలిగాను. మూడోది సన్నం, కారు తిప్పడానికి చోటు లేదు. దానికి చుట్టూ తిరిగి లాకుల మీదుగా రావాలి, రెండు కిలోమీటర్లు ఎక్కువ. మేం దానికి ఒప్పుకున్నాం.

## 5 సిరీస్: స్టీరింగ్ వదలబుద్ధి కాదు

ఇ-క్లాస్ కంటే ఇంకా పొడవు, 5175 మి.మీ. కాగితం మీద చూసి భయపడ్డాను. పది నిమిషాలు నడిపాక ఆ పొడవు మరిచిపోయాను. స్టీరింగ్‌కు బరువుంది. తిప్పినంతే, తిప్పిన వెంటనే తిరుగుతుంది. 258 హెచ్‌పీ, 400 ఎన్‌ఎం. రావులపాలెం నుంచి జొన్నాడ వంతెన మీదుగా రాజమహేంద్రవరం వైపు తెల్లవారుజామున వెళ్లాను. గౌతమి మీద ఇంకా మంచు విడలేదు. ముందు వెళ్తున్న లారీని దాటడానికి అనుకున్న దానిలో సగం దూరం కూడా పట్టలేదు. ఈ సుఖం తెలిసినవారికి మరో కారు నచ్చడం కష్టం.

పొడవు వీల్‌బేస్ వల్ల వెనక చోటు బోలెడు. కానీ సీటు వీపు వెనక్కి వాలదు. యువకులకు లెక్కలోకి రాదు, మా నాన్నకు మాత్రం తణుకు దాటేసరికి నడుము దగ్గర దిండు కావాల్సి వచ్చింది. వచ్చినప్పుడు 530ఎల్ఐ అనే ఒక్క పెట్రోల్ రకమే ఇచ్చారు, డీజిల్ అడిగేవారికి అక్కడితో మాట ఆగిపోయింది.

ఏసీ మీటలు దాదాపు అన్నీ తెరలోకి వెళ్లిపోయాయి. గట్టు రోడ్డు మీద ఎదురుగా ట్రాక్టర్ వస్తున్నప్పుడు తెర మీద వేలు వెతుక్కోవడం నాకు నచ్చలేదు. ప్రయాణానికి ముందే అన్నీ సరిచేసుకోవాలి. గీత దాటితే స్టీరింగ్‌ను వెనక్కి లాగే ఏర్పాటును కూడా రహదారి దిగగానే ఆపేయండి. ధాన్యపు రాశిని తప్పించడానికి మనం పక్కకు జరిగితే అది వద్దంటుంది.

తూముల మాట ఇ-క్లాస్‌కు చెప్పిందే, ఇంకొంచెం జాగ్రత్తగా.

## ఏ6: మధ్యేమార్గం

పొడవు తక్కువ, వీల్‌బేస్ 2924 మి.మీ. తూములు దాదాపు అన్నీ మామూలుగా దాటింది. లోపల పనితనం చక్కగా ఉంది. రెండు తెరలూ నొక్కినప్పుడు వేలికి టక్కుమని తగులుతుంది, నొక్కామా లేదా అన్న అనుమానం రాదు. ముందు చక్రాలతో నడుస్తుంది కాబట్టి తడి మట్టిలో ముందు భాగం లాక్కుపోతుంది, పొందికగా ఉంటుంది. రెండు క్లచ్‌ల గేరుపెట్టె మాత్రం అమలాపురం గడియార స్తంభం దగ్గర అంగుళం అంగుళం కదిలేటప్పుడు కాస్త తడబడుతుంది. మిగతా రెండింటి కంటే పాత తరం కారు. బేరం ఆడటానికి అదే వీలు కూడా. వెనక సీటు చాలు, నడక చాలు. కానీ రెండిట్లోనూ ఇదే కావాలి అనిపించే ఒక్క సంగతి నాకు దొరకలేదు.

## క్యామ్రీ: డెల్టా రోడ్డు ఎరిగినట్టు

హోదా లెక్కల్లో ఇది జర్మన్ కార్ల పక్కన నిలబడదని అంటారు. పెళ్లికి వెళ్తే పార్కింగ్ దగ్గర ఆ తేడా తెలుస్తుంది, కాదనను. గట్టు రోడ్డు మీద మాత్రం ఈ నాలుగింటిలో నన్ను తక్కువ భయపెట్టింది ఇదే. వీల్‌బేస్ 5 సిరీస్ కంటే 280 మి.మీ. తక్కువ. మా మూడు తూములనూ నలుగురితో దాటింది, చప్పుడు లేకుండా.

హైబ్రిడ్ అంటే ఛార్జింగ్ పెట్టే పని లేదు. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు మోటారుతో నడుస్తుంది, బ్రేకు వేసినప్పుడు బ్యాటరీ నిండుతుంది. మన గట్ల మీద నలభై దాటని వేగంలో, మాటిమాటికీ బ్రేకు వేసే దారిలో దీనికి నిజమైన లాభం. ఉదయం ఐదింటికి తోటకు బయల్దేరితే వీధిలో ఎవరికీ నిద్రాభంగం ఉండదు. ఒక్కసారిగా గట్టిగా తొక్కితే మాత్రం ఇంజన్ బిగ్గరగా అరుస్తుంది, ఆ అరుపుకు తగ్గ ఉరుకు ఉండదు. వెనక సీటు కింద బ్యాటరీకి గాలి పోయే రంధ్రాలుంటాయి. సంచులూ దుప్పట్లూ అడ్డం పెట్టకూడదని ఇంట్లోవారికి చెప్పాలి. అన్నిటికంటే మించి, దగ్గరి పట్టణాల్లోనే టయోటా సర్వీసు దొరుకుతుంది, లారీ మీద ఎక్కించే మాట అంత త్వరగా రాదు.

## మీరెవరైతే ఏది

ఇంట్లో పెద్దవారి కోసం, నెలకు రెండు మూడు దూర ప్రయాణాలు, డ్రైవరు ఉన్నాడు: ఇ 220డి. తూముల దగ్గర ఓపిక పట్టగలగాలి.

మీరే నడుపుతారు, రాజమహేంద్రవరంలోనో తాడేపల్లిగూడెంలోనో ఇల్లు, వారానికోసారి హైదరాబాద్ వెళ్తారు: 5 సిరీస్. పల్లెకు వెళ్లాల్సినప్పుడు ఇంట్లో ఉన్న రెండో కారు తీయండి. రెండో కారు లేకపోతే ఈ ఎంపిక మళ్లీ ఆలోచించండి.

ఇల్లు లంకలోనో, గట్టు మీదో, ఉన్నది ఒక్కటే కారు: క్యామ్రీ. ఇందులో నాకు అనుమానమే లేదు. ఇ-క్లాస్‌తో పోలిస్తే మిగిలే దాదాపు ముప్పై లక్షలతో చేయగలిగిన పనులు ఇంటింటికీ ఉంటాయి.

ఏ6ను గట్టి తగ్గింపు ధరకు ఇస్తేనే చూడండి.

హైదరాబాద్, బెంగళూరుల నుంచి వాడిన కార్లు తెచ్చుకునేవారు మన వైపు చాలామంది. 2017 తర్వాతి పొడవు ఇ-క్లాస్ సగం ధరకు, అంతకంటే తక్కువకు దొరుకుతుంటే మనసు లాగుతుంది. తప్పేమీ లేదు, కానీ కంపెనీ సర్వీసు చరిత్ర మొత్తం చూడండి. కంప్యూటర్ పరీక్ష చేయించండి. నగరంలో వరద నీటిలో మునిగిన కారు కాదని తేల్చుకోండి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే లోపలి చివర్లో బురద చార కనబడుతుంది. డిక్కీలో స్టెప్నీ గుంటను కూడా తడిమి చూడండి. బయటి రాష్ట్రం కారైతే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ కట్టాల్సిన పన్ను లెక్క ముందే కావాలి.

## నీరు, ఉప్పు, కొబ్బరికాయ

తుపాను రోజుల్లో రోడ్డు మీద నీరు ఎంత ఉందో తెలియకపోతే దిగకండి. ఇంజన్‌లోకి నీరు వెళ్లి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. నీరు కుదించుకుపోదు, లోపలి కడ్డీలు వంగిపోతాయి. మామూలు బీమాలో ఆ నష్టం రాదు. ఇంజన్ రక్షణ అనే అదనపు బీమా విడిగా తీసుకోవాలి, డెల్టాలో అది తప్పనిసరి అనే నా మాట.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవారికి ఉప్పుగాలి ఉంది. రెండు రోజులు కదపకపోతే బ్రేకు పళ్లేల మీద తుప్పు పొర వస్తుంది. మొదటి నాలుగైదు బ్రేకులకు పోయేది పైపొరే, అడుగు భాగం మాత్రం నెలకోసారి మంచినీటితో కడిగించాలి. తోటలో కారు పెడితే ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఇక కొబ్బరి చెట్టు కింద పెట్టకండి. పైకప్పు గాజుతో ఉన్న కారు మీద ఎండిన కాయ పడితే ఏమవుతుందో మా పక్కింటివారికి తెలిసింది.

## నడిపి చూసే పద్ధతి

షోరూమువారు చూపించే దారిలో తిరిగి సంతకం పెట్టకండి. కారును మీ ఊరికి తెమ్మని అడగండి. ఇంత ధర పెడుతున్నప్పుడు చాలామంది ఒప్పుకుంటారు. మీ ఇంట్లో నిజంగా ఆ కారు ఎక్కే మనుషులనే ఎక్కించండి. డిక్కీలో బరువు పెట్టండి. పెద్దవారిని వాళ్లంతట వాళ్లే ఎక్కి దిగమనండి, చేయి అందించకండి. టైరు పంక్చరైతే స్టెప్నీ ఉందా, లేక రిపేరు డబ్బా ఇచ్చి సరిపెట్టారా అని డిక్కీ తెరిచి మీ కళ్లతో చూడండి. తర్వాత మీ దారిలోని అన్నిటికంటే చెడ్డ తూము దగ్గరకు వెళ్లి, అద్దాలు దించి, పాటలు ఆపి, ఒకరిని కింద నిలబెట్టి మెల్లగా ఎక్కించండి. కింద నిలబడినవారు కూర్చుని చూస్తే సిమెంటుకూ కారుకూ మధ్య అటువైపు వెలుతురు కనబడుతుంది. మా మేనల్లుడు అలా కూర్చుని చేయి పైకెత్తి, రెండు వేళ్లు చూపించాడు. నేను బ్రేకు మీద నుంచి పాదం తీశాను.